ఇంటి పాట

"పాట ఎవరి పేరు మీదుంటే ఏమైతది? మనం ఒక్కింటోల్లమే గదా!"

పొద్దుటి నుంచి క్రాంతికుమార్ ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో అతనికే తెలియదు. అన్నప్పుడల్లా శ్యామల ఎదురుగా ఉన్న కాఫీ గ్లాసు వైపే చూసింది. కాఫీ చల్లారి మీగడ కట్టింది.

"ఒక్కింటివాళ్లం కాబట్టే నిన్ను అడుగుతున్నాను," అంది చివరికి. "పరాయివాడెవడో చేసుంటే లాయరు దగ్గరికి వెళ్లేదాన్ని. నీ మీద చెప్పుకోవడానికి నాకెవరున్నారు క్రాంతీ, నువ్వే చెప్పు."

క్రాంతి లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్లి కర్టెన్ సరిచేశాడు. బాగానే ఉన్న కర్టెన్‌ని సరిచేశాడంటే మనిషి దగ్గర మాటలు అయిపోయాయన్నమాట.

ఇద్దరి మధ్యా నలుగుతున్నది ఒక్క పాట. శ్యామల కట్టుకున్న పాట. వారం కిందట ఆమె వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే హాల్లో టీవీలో రాబోయే సినిమా ట్రైలర్‌లోంచి అదే పాట వినిపించింది, ఎవరో బొంబాయి అమ్మాయి గొంతులో. పరిగెత్తుకొచ్చి చూస్తే తెర మీద స్విట్జర్లాండ్ మంచులో పల్చటి చీర కట్టుకుని హీరోయిన్ వణుకుతూ నవ్వుతోంది. కింద 'సంగీతం: క్రాంతికుమార్' అని పడింది. కట్టుకున్న మొగుడి పేరు. శ్యామల వంటింట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని, పంపు కట్టకుండా అలాగే నిలబడిపోయింది.

ఆ వారమంతా అరుపులూ ఏడుపులూ అయ్యాయి, అలకలూ అయ్యాయి. నిన్న అసలు పిడుగు పడింది. హైటెక్ సిటీలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరెవరో, సినిమా పాటల మీద జనం వాదులాడుకునే ఇంటర్నెట్ సైట్‌లో, 'ఈ బాణీ నేను ఆన్‌సైట్ పని మీద కెనడాలో ఉన్నప్పుడు ఒక తెలుగావిడ గిటారు పట్టుకుని పాడగా విన్నాను. ఇది పచ్చి కాపీ' అని రాసిపారేశాడు. ఇంకేముంది! మాదాపూర్‌లో ప్రోగ్రాములు రాసుకోవాల్సిన వాళ్లంతా ప్రోగ్రాములు పక్కన పెట్టి ఈ పాట మీద పడ్డారు. టీవీ ఛానల్ వాళ్లు నిర్మాత సుబ్బరామయ్యకి ఫోన్ చేశారు. నిర్మాత క్రాంతికి ఫోన్ చేశాడు.

ఈవేళ సాయంత్రమే ఆ సినిమా ఆడియో ఫంక్షన్.

"పొద్దుగాల పొద్దుగాల ఏం లొల్లి బెట్టిండ్రు?" అంటూ దేవుడి గదిలోంచి రాజమ్మ వచ్చింది. క్రాంతి తల్లి. సిద్దిపేట దగ్గరి పల్లె విడిచి కొడుకుతోపాటు ఫిల్మ్‌నగర్‌కి వచ్చిన నాటి నుంచి, అతని పేరు తెర మీద పడాలని ఆమె మొక్కని దేవుడు లేడు. "ఇయ్యాల మంచి దినం. దిష్టి తీస్తామని గుమ్మడికాయ తెప్పిచ్చిన. మీరిద్దరు గిట్ల మొఖాలు మాడ్చుకుంటే నేనెవలికి తియ్యాలె?"

"నువ్వూకో అమ్మా."

"నేనూకుంట. మీరు గూడ ఊకోండ్రి."

సోఫాలో ఇంగ్లీషు పేపరు చాటున కూర్చున్న నాలుగో మనిషి మాత్రం ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు. శ్యామల తండ్రి వెంకటరామయ్యగారు. సొంతూరు తెనాలి. ఎప్పుడో సాస్కటూన్ వెళ్లి అక్కడి యూనివర్సిటీలో మట్టి గురించి పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. మొన్ననే వచ్చారు. ఎందుకు వచ్చారనుకున్నారు? అల్లుడి ఆడియో ఫంక్షన్ చూడటానికి. కూతురు పాడిన కచేరీ ఒక్కటంటే ఒక్కటి చూడని మనిషి, అల్లుడి క్యాసెట్ కోసం రెండు విమానాలు మారి, పట్టులాల్చీ ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నారు.

కూతురేమైనా ఆషామాషీగా పాడిందా? కాలేజీ రోజుల్లోనే పాత గిటారొకటి కొనుక్కుని సాస్కటూన్ కాఫీ హోటళ్లలో మొదలుపెట్టింది. ముందు ఆ దేశపు జానపదాలు పాడింది, తర్వాత తన పాటలు తనే రాసుకుంది, వాటికి డ్రమ్ములూ ఎలక్ట్రిక్ గిటార్లూ కలిపి ఫోక్-రాక్ బ్యాండు పెట్టుకుంది. హీటరు పనిచేయని వ్యానులో, మంచు కురుస్తుంటే, చేతులకి రెండు జతల గ్లౌజులు తొడుక్కుని ఆ చివర నుంచి ఈ చివరకి దేశమంతా తిరిగింది. గోధుమ పొలాల మధ్య మూతపడిన రైలు స్టేషన్ మీద ఆమె రాసిన పాట ఒక చలికాలమంతా కెనడా రేడియోలో మోగింది. మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. పేపర్లు పొగిడాయి. విన్నిపెగ్ ఫెస్టివల్‌లో వాన పడుతుంటే జనం గడ్డిలోంచి లేవకుండా విన్నారు. ఆ సంవత్సరమే తెలుగు సంఘం వాళ్లు "అమ్మాయి ఏం చేస్తోందండీ" అని అడిగితే వెంకటరామయ్యగారు "మ్యూజిక్ టీచరండీ" అని చెప్పారు.

అదుగో, ఆ తెలుగు సంఘం పెట్టిన స్టార్ నైట్‌కే క్రాంతి కీబోర్డు ప్లేయరుగా వచ్చాడు. ట్రూపులో గిటారిస్టుకి జ్వరమొస్తే శ్యామలని పిలిచారు. ఆ మర్నాడు ఇద్దరూ కూర్చుని ఒకళ్ల పాటలు ఒకళ్లకి వినిపించుకున్నారు. ఆమె పాటని మొదటిసారి తెలుగులో మెచ్చుకున్న మనిషి అతనే. ఆ మెప్పు కోసమే ఆమె బ్యాండుని, వ్యానుని, దేశాన్ని వదిలి ఈ ఇంటికి వచ్చింది.

"డెమో అన్నావు," అంది శ్యామల. "పై గదిలో కూర్చోబెట్టి, 'నీ కొత్త ఆల్బమ్‌కి డెమో చేద్దాం, పాడు' అన్నావు."

"డెమోనే చేసిన. సుబ్బరామయ్యగారొచ్చి ఇన్నడు. ఇదే కావాలె అన్నడు. నేనేం జెయ్యాలె?"

"అది నా భార్య పాట అని చెప్పాలి."

"చెప్పుదామనే అనుకున్న."

"చెప్పావా?"

క్రాంతి తల పక్కకి తిప్పుకున్నాడు. "ట్రాక్ నీ గొంతుతోనే పంపిన గదా. షూటింగంతా నీ గొంతు మీదనే జేసిండ్రు. లాస్టుకొచ్చి బొంబాయి సింగర్ కావాలన్నరు. అందరికీ అట్లనే అయితది. ట్రాక్ ఒకల్లు పాడుతరు, క్యాసెట్ల ఇంకొకల్లుంటరు. ఇండస్ట్రీ గంతే."

"గొంతు సంగతి వదిలెయ్. బాణీ ఎవరిది?"

"ఎన్నేండ్లు కీబోర్డు కొట్టిన ఇంకొకల్ల కింద? నా బాణీలు ఎంతమంది మింగిండ్రో నీకు తెల్వదా?"

"తెలుసు," అంది శ్యామల. "నీ బాణీ ఇంకొకడి పేరుతో వచ్చినప్పుడల్లా నువ్వు అన్నం మానేసి పడుకుంటే, పక్కన కూర్చున్నదాన్ని నేనే. ఆ బాధ ఎలా ఉంటుందో నాకు నేర్పింది నువ్వే కదా క్రాంతీ. నాకే ఎలా పెట్టబుద్ధయింది?"

రాజమ్మ చెంగుతో మూతి తుడుచుకుంది. పేపరు వెనక వెంకటరామయ్యగారు పేజీ తిప్పారు.

ఇంతలో క్రాంతి సెల్‌ఫోన్ మోగింది. అటు నిర్మాత సుబ్బరామయ్య. చూడండి, అంతవరకూ అమ్మ భాషలో మాట్లాడుతున్న మనిషి ఒక్కసారిగా నిటారుగా నిలబడి "చెప్పండి సార్... మాట్లాడుతున్నానండీ... తప్పకుండానండీ" అని మొదలుపెట్టాడు. స్టూడియోకి ఒక భాష, ఇంటికి ఒక భాష క్రాంతికి మొదటి నుంచీ ఉన్నదే.

ఫోన్ పెట్టేసి వచ్చి శ్యామల ఎదురుగా కూర్చున్నాడు.

"సార్ ఒక మాట చెప్పమంటున్నడు. స్టేజీ మీద, నువ్వు. 'ఈ పాట మావారు కట్టారు, నేనే ఆయన దగ్గర నేర్చుకుని కెనడాలో పాడాను' అని. అంతే. కాపీ గోల ఆగిపోతది."

శ్యామలకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి క్రాంతి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"మా అమ్మ పోయినప్పుడు నువ్వు ఇక్కడున్నావు," అంది. "నేను అక్కడ హాస్పిటల్ వరండాలో కూర్చుని కట్టాను ఆ పాట. పల్లవి తర్వాత మాటల్లేకుండా హమ్మింగ్ ఎందుకుంటుందో నీకు చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు. నేను పుట్టకముందే అమ్మకి గొంతులో గడ్డ లేచి స్వరపేటిక తీసేశారు. నేను మా అమ్మ గొంతు ఎప్పుడూ వినలేదు. 'అమ్మడూ' అని పిలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. అందుకని ఆవిడ చోట మాటలు పెట్టలేదు. ఇది నీ దగ్గర నేర్చుకున్నానని చెప్పనా? చెప్పను. నన్ను చంపినా చెప్పను."

"మరి నన్ను సంపుతవా? ఇయ్యాల కాపీగాడు అని ముద్ర వడితే మళ్ల ఎవడన్న సినిమా ఇస్తడా?"

"వచ్చే ఎండాకాలం ఆ పాట నా ఆల్బమ్‌లో మొదటి పాట. సినిమాపాట కాపీ కొట్టిందని అప్పుడు నన్ను అంటారు. అది ఆలోచించావా?"

ఆలోచించలేదు. ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఆమెకొక ఆల్బమ్ ఉందని, దాన్ని వినేవాళ్లు ఎక్కడో ఉన్నారని అతనికి ఈ గొడవలో ఒక్కసారి కూడా గుర్తుకి రాలేదు. శ్యామలకి పాట పోయినందుకంటే ఇందుకు ఎక్కువ కష్టం వేసింది.

అప్పుడు పేపరు మడతపడింది.

"అమ్మా శ్యామలా," అన్నారు వెంకటరామయ్యగారు, క్లాసులో ఆఖరి బెంచీ గొడవ ఆపినంత నెమ్మదిగా. "నువ్వు అబద్ధం చెప్పొద్దు. అల్లుడుగారూ, మీరు దాన్ని చెప్పమనొద్దు. సుబ్బరామయ్యగారికి ఏదో సెంటిమెంటు ఉందన్నారే, ఏమిటది?"

"మొదటి క్యాసెట్ ముత్తైదువ చేతిలో పడాలె, మామయ్యా. ఆయన మొదటి సినిమాకి వాళ్లావిడ అందుకుంటే సూపర్‌హిట్ అయింది. అప్పటిసంది ప్రతి సినిమాకి ఎవరో ఒక ఇల్లాలు అందుకోవాలె. ఈసారి శ్యామలే అనుకున్నడు."

"సరే. అమ్మాయి వచ్చి క్యాసెట్ అందుకుంటుంది. నోరు విప్పదు. భార్యే వచ్చి అందరి ముందు అందుకుంటే ఇక కాపీ అనేవాడెవడు? అబద్ధమూ లేదు, అల్లరీ లేదు."

"నోరు విప్పకపోవడం అబద్ధం కాదా నాన్నగారూ?"

"సంసారంలో కాదమ్మా."

క్రాంతి చటుక్కున వంగి శ్యామల చెయ్యి పట్టుకున్నాడు. "రెండో ప్రింటుల నీ పేరు ఏపిస్త. బాణీ శ్యామల అని. ఈ ఒక్క దినం నన్ను నిలబెట్టు." లేచి వెళ్లి తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "అమ్మ మీద ఒట్టు."

రాజమ్మ ఉలిక్కిపడింది. కానీ తల పక్కకి తీయలేదు.

తల్లి నెత్తి మీద ఒట్టేసిన మనిషిని నమ్మకుండా ఎలా ఉంటుంది? అందులోనూ తల్లి లేని పిల్ల. శ్యామల చాలాసేపు రాజమ్మ ముఖంలోకి చూసి, "సరే, క్యాసెట్ అందుకుంటాను," అంది. "అంతకుమించి ఏమీ అడక్కండి."

"అంతేనండీ. ఇంకేం లేదు," అన్నాడు క్రాంతి.

పెళ్లానికి 'అండీ' పెట్టాడేంటా అని శ్యామలకి క్షణం పాటు అనిపించింది. కంగారులో ఉన్నాడులే అనుకుంది.

*

మధ్యాహ్నం రాజమ్మ కోడలికి పట్టుచీర కట్టింది. కెనడాలో పుట్టి పెరిగిన కోడలికి పాటలెన్ని వచ్చినా కుచ్చిళ్లు మాత్రం రాలేదు. పిన్నీసు పళ్ల మధ్య పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సరిచేస్తూ రాజమ్మ అడిగింది.

"మీ అమ్మ మొత్తానికే మాట్లాడకపోవునా బిడ్డా?"

"లేదత్తమ్మా. నోరు కదిపేది. గాలొచ్చేది, అంతే."

"మరి నిన్ను జోకొట్టుడెట్ల?"

"వీపు మీద చేత్తో. మెల్లగా రెండు దెబ్బలు, కొంచెం గట్టిగా ఒకటి. నిద్ర పట్టేదాకా." శ్యామల తన తొడ మీద చేత్తో కొట్టి చూపించింది. "పాటలో దరువు అదే. అమ్మ దగ్గర్నుంచి వచ్చింది అదొక్కటే."

రాజమ్మ చేతులు ఆగిపోయాయి.

"నా కొడుకుకు గీ ముచ్చట ఎర్కేనా?"

"అన్నీ ఎరుకే అత్తమ్మా."

రాజమ్మ నోట్లోంచి పిన్నీసు తీసింది. చీర కట్టడం పూర్తిచేసి, కోడలి నుదుట బొట్టు సరిచేసి, "నువ్వు మంచిదానివి," అంది. కొడుకు గురించి ఆమె ఏమీ అనలేదు.

కారు ఎక్కే ముందు వరండాలో తండ్రీ కూతుళ్లు ఇద్దరే మిగిలారు. వెంకటరామయ్యగారు ఉత్తరీయం మడతలు చూసుకుంటున్నారు.

"ఆ పాట మీరు విన్నారా నాన్నగారూ?"

"విన్నానమ్మా. నేను వచ్చిన రోజే అల్లుడుగారు వినిపించారు. చాలా బావుంది. మీ అమ్మ ఉంటే సంతోషించేది."

"నేను పంపిన టేపులో కాదన్నమాట."

ఆయన ఉత్తరీయం వదిలేశారు. అమ్మ పోయిన ఏడాది గిటారు వాయిస్తూ పాడి, టేపు చేసి, నాన్నగారికే మొదట పంపింది శ్యామల. అప్పట్లో అడిగితే "అందిందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నాళ్లూ, విన్నారని, విని ఏడ్చి ఉంటారని, అందుకే ఆ మాట ఎత్తడం లేదని తనే కథ అల్లుకుంది.

"విప్పలేదు," అన్నారు వెంకటరామయ్యగారు. "ఎక్కడో భద్రంగానే పెట్టాను. నువ్వు పాడేవి నాకేం అర్థమవుతాయి చెప్పు, ఆ డ్రమ్ములూ అవీ. అల్లుడుగారు వినిపించింది తెలుగులో ఉంది కదా."

శ్యామల మెట్లు దిగింది. కారులో కిటికీ వైపు కూర్చుంది.

*

సుబ్బరామయ్య ఇల్లు జూబ్లీహిల్స్ కొండ మీద ఉంది. ఏ స్టార్ హోటల్‌లో చేసినా పాటలు ఆడవని ఆయన నమ్మకం, అందుకని ఆడియో ఫంక్షన్లన్నీ సొంత లాన్‌లోనే. లాన్ మధ్యలో పేల్చకుండా వదిలేసిన పెద్ద బండరాయికి పసుపు రాసి, దాని పక్కన స్టేజీ కట్టారు. నాలుగు ఛానళ్ల కెమెరాలు. అందులో ఒకటి లైవ్. కుర్చీల నిండా జనం. వెనక వరుసల్లో మెడలో ఐడీ కార్డులు తీయకుండానే వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా కనిపించారు. వాళ్లు పాటల కోసం వచ్చారో, గొడవ చూడ్డానికి వచ్చారో సుబ్బరామయ్యకి తెలియక ఎదురెళ్లి మరీ కూల్‌డ్రింకులు ఇప్పించాడు.

"రామ్మా తల్లీ, నీ చేతి చలవే మాకు," అన్నాడు శ్యామలతో, రెండు చేతులూ జోడించి. పాట ఎవరిదో ఆయనకి తెలుసా తెలియదా? ఆ ముఖం చూసి చెప్పడం కష్టం. ఎన్ని సినిమాలు అమ్మిన ముఖమది!

దీపం వెలిగించారు. పెద్ద దర్శకుడొకాయన హీరోని పొగిడాడు, హీరో దర్శకుడిని పొగిడాడు, ఇద్దరూ కలిసి నిర్మాతని పొగిడారు. శ్యామల స్టేజీ మీద చివరి కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కెనడాలో ఎన్ని స్టేజీలు ఎక్కిందో! ఒక్కదాని మీద కూడా పాడకుండా దిగలేదు. కింద మొదటి వరుసలో రాజమ్మ కోడలి వైపే చూస్తోంది.

"ఇప్పుడు," అంది యాంకరమ్మాయి మైకులో, "క్యాసెట్ ఆవిష్కరణకు ముందు, మన సంగీత దర్శకుల మామగారు, కెనడా నుంచి ప్రత్యేకంగా వచ్చిన ప్రొఫెసర్ వెంకటరామయ్యగారు రెండు మాటలు మాట్లాడతారు!"

శ్యామల చటుక్కున తల తిప్పింది. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

వెంకటరామయ్యగారు మైకు అందుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"ఈ పాట గురించి ఇంటర్నెట్‌లో ఏదో దుమారం రేగిందని తెలిసింది. అసలు విషయం నాకే తెలుసు కాబట్టి చెప్పడం నా బాధ్యత. ఇది కాపీ కాదండీ. మా ఆవిడ శేషారత్నం, ఇప్పుడు లేదు, మా అమ్మాయిని ఉయ్యాల్లో వేసి పాడిన జోలపాట ఇది."

శ్యామల కుర్చీ అంచుకి జరిగింది.

"ఎవరు కట్టారంటే ఏం చెప్పను? మా ఇంట్లో తరతరాల నుంచి ఉన్నది. ఇంటి పాట. దీనికి ఎవరి పేరూ లేదు. మా అమ్మాయి కెనడాలో పాడింది అదే, మా అల్లుడుగారికి నేను వినిపించిందీ అదే. ఆయన దాన్ని మీ అందరికీ అందించారు. మా ఆవిడ ఎక్కడున్నా ఆశీర్వదిస్తుంది."

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. వెనక ఐడీ కార్డుల వాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకుని వాళ్లూ చప్పట్లు కొట్టారు.

శ్యామల భర్త వైపు చూసింది. క్రాంతి పెదవులు మామగారి మాటలతోపాటు కదులుతున్నాయి. ఒక్కో ముక్కా ముందే తెలిసినట్టు, ఎక్కడా తప్పు పోకూడదన్నట్టు. అప్పుడు తెలిసింది ఆమెకి. పొద్దున్న తండ్రి పేపరు మడిచి తీర్పు చెప్పడం, అల్లుడు ఒట్టెయ్యడం, అంతా ముందే మాట్లాడుకున్నారు. ఆమెని స్టేజీ మీద కూర్చోబెట్టడానికే ఆ నాటకమంతా. ఎవరి పేరూ లేని పాటకి రెండో ప్రింటులో ఎవరి పేరు వేస్తారు? పాట పోయింది. పాటతో ఆగారా? నోట మాట లేక ముప్ఫై ఏళ్లు చేతులతో బతికిన అమ్మని కూడా మార్చేశారు. రేపటి నుంచి ఊరంతా శేషారత్నం పాడిందని చెప్పుకుంటుంది. ఎలా పాడిందో విని ఎరగని కూతురు అవునవునని తలూపాలి.

కింద రాజమ్మ చప్పట్లు కొట్టలేదు. తన నెత్తి మీద తనే చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"మొదటి క్యాసెట్!" అంది యాంకరమ్మాయి.

పెద్ద దర్శకుడు రంగు కాగితం చింపి క్యాసెట్ పైకెత్తి చూపించి, శ్యామల వైపు చాచాడు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. సుబ్బరామయ్య కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకుంటున్నాడు. క్రాంతి నవ్వుతున్నాడు, నవ్వుతూనే కళ్లతో బతిమాలుతున్నాడు.

శ్యామల లేచింది. క్యాసెట్ ముందు నుంచే నడిచి తండ్రి దగ్గరికి వెళ్లింది. ఆయన చేతిలోని మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆమె దాన్ని లాక్కోలేదు. దాని దగ్గరికి వంగి, చిన్నపిల్ల అడిగినట్టే అడిగింది.

"నాన్నగారూ, అమ్మ గొంతు ఎలా ఉండేది?"

లాన్ అంతా మళ్లీ చప్పట్లు. సెంటిమెంటు పండిందనుకున్నారు జనం. హీరో కూడా చప్పట్లు కొట్టాడు.

వెంకటరామయ్యగారు కూతురి వైపు చూశారు. ఈ ప్రశ్న ఆమె చిన్నప్పుడెప్పుడూ అడగలేదు. పెద్దయ్యాకా అడగలేదు. అడిగితే ఆయన లేచి వెళ్లిపోతారని తల్లీ కూతుళ్లిద్దరికీ తెలుసు. ఆ గొంతు విన్న మనిషి ఆమెకి తెలిసి ఇక ఆయన ఒక్కరే. శ్యామల నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పాట మీద కోపంతోనూ కాదు, పరువు తీయాలనీ కాదు. అడగడానికి ఇక ఎవరూ మిగల్లేదని అడిగింది.

ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"మామయ్యగారు ఎమోషనల్ అయ్యారండీ," అంటూ క్రాంతి చెయ్యి చాపుకుంటూ ముందుకొచ్చాడు. వెంకటరామయ్యగారు మైకు ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకున్నారు.

"గుర్తు లేదమ్మా," అన్నారు.

ఆ మాట స్పీకర్లలోంచి లాన్ చివరిదాకా వెళ్లింది.

"ఆపరేషన్ కాకముందు, నువ్వింకా పుట్టకముందు, మాట్లాడేది కదా. ఎంత ప్రయత్నించినా నాకు గుర్తు రావడం లేదు. సన్నగా ఉండేదో, ఎలా ఉండేదో... నిజంగా గుర్తు లేదమ్మా."

దర్శకుడు చాచిన క్యాసెట్ చాచినట్టే ఉంది. లైవ్ కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది.

పాపం యాంకరమ్మాయికి ఇవేవీ తెలియవు. ఖాళీ వస్తే ఏదో ఒకటి అడగడం ఆమె ఉద్యోగం. నవ్వుతూ మైకు దగ్గర పెట్టుకుని అడిగేసింది.

"మరి, మేడమ్ ఎప్పుడు పాడారు సార్ ఈ జోలపాట? ఆపరేషన్ అయ్యాక ఎలా పాడారు?"

వెనక వరుసల్లో ఐడీ కార్డుల వాళ్లు లేచి నిలబడ్డారు. క్రాంతి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెంకటరామయ్యగారు కూతురి వైపు తిరిగారు, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమ్మా అన్నట్టు.

శ్యామల ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. నోరు విప్పలేదు.